ముప్పై నాలుగు వాన రోజులు

1946 జులై 1, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల పదకొండు నిమిషాలకు ఒక మనిషి సైకిలు మీద నన్ను దాటి వెళ్ళాడు. నిమిషాలతో సహా ఎలా చెప్పగలుగుతున్నానంటే, అది నా ఉద్యోగంలో మొదటి రోజు. బడికి ఆలస్యమవుతుందేమోనని మలుపు మలుపుకూ చేతి గడియారం చూసుకుంటున్నాను. ఆ గడియారం రోజుకు నిమిషంన్నర ముందుకు పరుగెత్తేది. ఆ నిమిషంన్నర తీసేసే చెబుతున్నాను.

దాటిన చోటు కూడా చెప్పగలను. మేముండే కలప డిపో నుంచి జగదల్‌పూర్ ఊళ్ళోకి అయిదు మైళ్ళ ఎర్ర మొరం రోడ్డు. డిపో దాటిన మైలున్నరకు ఒక ఎత్తు వస్తుంది. రాత్రి కురిసిన వానకు నేల మెత్తబడింది గాని ఆ వేళకు ఆకాశం తెరిపిగానే ఉంది. నేను పళ్ళు బిగబట్టి తొక్కుతున్నాను. ఆయన కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని నా పక్కనుంచి వెళ్ళిపోయాడు. వెళుతూ, "ఎనక చక్రంల గాలి లేదు బిడ్డా, ఏడుస్తున్నది అది," అన్నాడు. తరవాత గంట రెండుసార్లు మోగించాడు. నా కోసం కాదు. ముందున్న సాల్ చెట్టు కోసం.

చెట్లకు గంట ఎందుకు కొడతారని నెల తరవాత అడిగాను.

"మీద పిట్టలుంటయి గద పంతులమ్మా. చెప్పకుంట పోతే ఏం మర్యాద?"

నాకిప్పుడు ఎనభై రెండో ఏడు. ఇదంతా రాయాలని ఇన్నేళ్ళూ అనుకోలేదు. ఈ మార్చి 10, శనివారం నాడు బజారుకు వెళ్ళడానికి ఒక ఆటో ఎక్కాను. అద్దం ముందు అందరూ నిమ్మకాయ, మిరపకాయలు కడతారు. ఈ అబ్బాయికి ఆ వేళ నిమ్మకాయ దొరకలేదట. మామిడి కొమ్మకు రెండు ఎండు మిరపకాయలు గుచ్చి వేలాడదీశాడు. నేను ఆటో ఆపించి దిగిపోయాను. "ఏమైందమ్మా, దిష్టికే కదా," అని అతను హిందీలో అడుగుతూనే ఉన్నాడు. ఇంటికి నడిచి వచ్చి కాగితాలు ముందేసుకున్నాను.

ఆయన పేరు రాయను. అందరూ దఫ్తరీ అనేవాళ్ళు. బస్తరు సంస్థానం కచేరీలో రిజిస్టర్లకు గీతలు గీయడం, కుట్టడం, అట్టలు వేయడం ఆయన పని. భోపాల్‌పట్నం వైపు మనిషి. అక్కడి తెలుగే మాట్లాడేవాడు, దాంట్లో హిందీ కలిపి. హల్బీ వచ్చు, గోండీ వచ్చు. నేను చూసేనాటికి యాభై దాటి ఉంటాయి. పుట్టుపూర్వోత్తరాలు తెలియవు, అడగలేదు. భార్య లేదని తెలుసు, ఎందుకంటే చొక్కా గుండీలు రిజిస్టరు కుట్టే మైనపు దారంతో కుట్టుకునేవాడు.

దగ్గరికి వస్తే మైలుతుత్తం కలిపిన పిండి జిగురు వాసన. కుడి చేతి చూపుడువేలు మీద ఎప్పుడూ ఎర్ర సిరా. ధోవతి చక్రంలో పడకుండా వెదురు బద్దతో ఒక పట్టీ తయారుచేసుకుని కాలికి బిగించేవాడు. సైకిలుకు ఎడమ పెడలు పోతే టేకు ముక్క చెక్కి పెట్టాడు. రంగంతా పోయింది గాని గొలుసు మీద ఒక్క తుప్పు మరక ఉండేది కాదు. బ్రేకు రబ్బర్లు తన చెప్పుల అడుగు కోసి వేసుకున్నవి. "కొత్తయాటి కన్న గట్టిగ పడతయి చూడు," అని పిలిచి మరీ చూపించేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగైదు ఎండు మిరపకాయలు. మధ్యాహ్నం కచేరీ వెనక కూర్చుని గిన్నెడు అంబలిలో అవి కొరుక్కుని తాగేవాడట. ఆలస్యమైందని ఎన్నడూ అనేవాడు కాదు. "గడియారం తొందరపడ్డది" అనేవాడు.

ఆ దారిలో సైకిలెక్కిన ఆడది నేనొక్కదాన్నే. మా నాన్న కలప డిపోలో లెక్కలు రాసే మున్షీ. మాది విజయనగరం దగ్గర. అమ్మ పోయాక నన్ను వెంటబెట్టుకు వచ్చాడు. ఊళ్ళో ఆడపిల్లల బడిలో నాకు పని దొరికినప్పుడు, ఊరు విడిచి వెళుతున్న ఒక నర్సు దగ్గర పాత లేడీస్ సైకిలు కొనిచ్చాడు. కొనిచ్చాక వారం రోజులు నిద్రపోలేదు.

దఫ్తరీ గారు డిపో పక్కనే ఉన్న గూడెంలో ఉండేవాడు. ఆదివారాలు మా అరుగు మీదికి వచ్చి నాన్నతో కబుర్లాడి చాయ్ తాగి వెళ్ళేవాడు. పందెం సంగతి జులై 7, ఆదివారం నాడు ఆయనే తెచ్చాడు. నాతో కాదు, నాన్నతో.

"మున్షీసాబ్, మీ బిడ్డ మంచిగ తొక్కుతది. ఒక్కతే తొక్కితే కాళ్ళు మొద్దుబారుతయి. పందెం పెడదమా?"

"ఆడపిల్లతో పందేలేమిటండీ? చూసినవాళ్ళు ఏమంటారు?"

"ఏమంటరు? మేము కలిసి పోతె గద అనేది. ఆమె రోడ్డు మీద పోతది. నేను అడివిల పిల్లబాట పట్టి పోత. డిపో గంట తొమ్మిది కొట్టంగనే ఇద్దరం ఎక్కాలె. మూడో నంబరు రాయి కాడ రెండు దార్లు కలుస్తయి. ముందుగ పోయినోళ్ళు రాయి మీద మామిడి కొమ్మ పెట్టాలె, ఆగకుంట పోవాలె. ఎనకొచ్చినోళ్ళు చూసుకొని సిగ్గుపడాలె. అంతే."

"గెలిస్తే ఏమిటి?" అని నేను తలుపు వెనకనుంచి అడిగాను.

"ఆ వారంల ఎవరు ఎక్కువ గెలుస్తరో, ఆదివారం నాడు వాళ్ళకు మొదటి చాయ్. రెండోటి చల్లారినంక ఓడినోళ్ళకు."

నాన్న నవ్వాడు. నవ్వితే ఒప్పుకున్నట్టే.

మూడో నంబరు రాయి అంటే ఊరు ఇంకా మూడు మైళ్ళుందని చెప్పే రాయి. పక్కనే మామిడిచెట్టు. పెట్టిన కొమ్మ అక్కడే ఉండేది. మర్నాడు ముందు వచ్చినవాళ్ళు పాతది పారేసి పచ్చిది పెట్టాలి. నేను ప్రతి రోజూ ఫలితం చిన్న చీటీల మీద రాసుకోవడం ఆయన చూశాడు. జులై 20, శనివారం సాయంత్రం తొంభై ఆరు పుటల పుస్తకం కుట్టి తెచ్చి ఇచ్చాడు. ప్రతి పుటకూ ఆరు గడులు గీసి ఉన్నాయి, ఎర్ర సిరాతో, ఒక్క గీత కూడా వంకర లేకుండా.

"ఎక్కడిదండీ ఈ కాగితం?"

"కచేరీల మిగిలిన ముక్కలమ్మా. కోసి పడేసేటియి. పొయ్యిల పోయేటియి."

తేదీకి ఒక గడి, గంటకు ఒకటి, ఆయనకొకటి, నాకొకటి, వానకొకటి, విశేషాలకొకటి అని పైన పేర్లు రాశాను. ఆయన వంగి చూశాడు.

"వానకు గడి ఎందుకు పంతులమ్మా?"

"వాన రోజు రోడ్డు వేరు, వేగం వేరు. ఆ ఫలితాలు విడిగా చూడాలి."

"నీ అసుంటోళ్ళు కచేరీల ఇద్దరుంటే చాలు, మా పని ఖతం," అని గట్టిగా నవ్వాడు.

మొదటి పుటలో, ఏ పుస్తకం తెరిచినా రాసే అలవాటు కొద్దీ, అది ఎక్కడనుంచి ఎలా వచ్చిందో ఒక వాక్యం రాసి తేదీ వేశాను. చీటీల్లో ఉన్నవన్నీ దాంట్లోకి ఎక్కించాను. జులై 1 నాటిది మొదటి వరస: "ఎత్తులో నన్ను దాటారు. వాన లేదు."

వాన రోజుల్లో పిల్లబాట మోకాలి లోతు బురద. అందుకని ఆ రోజుల్లో ఆయన కూడా రోడ్డు మీదనే వచ్చేవాడు, నా వెనక. ఎంత వెనకో కనపడేది కాదు. ప్రతి కల్వర్టు దగ్గరా ఆయన గంట వినపడేది. అది వినగానే అందుకుంటున్నాడని నేను ఇంకా గట్టిగా తొక్కేదాన్ని. వాన రోజున ఒక్కసారి కూడా ఆయన నన్ను దాటలేదు. ఇది నాకు చాలా గర్వంగా ఉండేది.

"చూశారా, దారి ఒకటే అయితే మీరు నా వెనకేనండీ," అన్నాను ఒక ఆదివారం, మొదటి చాయ్ తాగుతూ.

"ముసలి బొక్కలు గద బిడ్డా. నీళ్ళు తగిలితే బిగుసుకుంటయి."

"ఆ టేకు పెడలు నానిపోయి ఉంటుంది."

"అదీ ఉన్నది," అన్నాడు చాలా బుద్ధిగా.

ఆగస్టు 9, శుక్రవారం నాడు రెండో కల్వర్టు దగ్గర జారి పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది, గొలుసు ఊడింది. రెండు నిమిషాల లోపల ఆయన వచ్చి దిగాడు. నా సైకిలు తిరగేసి గొలుసు ఎక్కించాడు. జేబులోంచి రిజిస్టరు అట్టలకు వాడే గుడ్డపేలిక తీసి ఇచ్చి, "కట్టుకో. పో ముందు. నేను చెయ్యి కడుక్కొని వస్త," అన్నాడు. చెయ్యి కడుక్కోవడానికి పైనుంచి కుండపోతగా పడుతూనే ఉంది. ఆ రోజు కూడా రాయి దగ్గరికి నేనే ముందు వచ్చాను. "నేను. వాన. పడ్డాను" అని రాశాను.

దసరా సెలవులు అయ్యాక గొడవ వచ్చింది. అక్టోబరు 20, ఆదివారం నాడు లెక్క చూస్తుంటే ఆయన తనవి మూడు గెలుపులు ఎక్కువ చెప్పాడు.

"ఆ మూడు రోజులూ కొమ్మ మీరే పెట్టారని సాక్ష్యం ఏమిటి?" అన్నాను. "మేకలు కాసేవాళ్ళు పెట్టి ఉండొచ్చు. గాలికి పడి ఉండొచ్చు. గుర్తు లేని కొమ్మను నేను లెక్కలో రాయను."

"నా మాట చాలదా?"

"మాటలకు గడి లేదండీ."

నాన్న నన్ను కసురుకున్నాడు. దఫ్తరీ గారు మాత్రం జేబులోంచి మిరపకాయ ఒకటి తీసి నా ముందు పెట్టాడు. "సరే. నేను పెట్టిన కొమ్మకు దీన్ని ముల్లుతోటి గుచ్చుత. మేకలోళ్ళు మిరపకాయ పారెయ్యరు, తింటరు. మరి నీ గుర్తు?"

"సుద్దముక్క. రాయి మీద గీత గీస్తాను. అయిదుకొక అడ్డగీత."

"మంచిగున్నది. నాది చూస్తే నీకు మండాలె," అన్నాడు నవ్వుతూ.

అక్టోబరు 21, సోమవారం నాడు ఆయన గెలిచాడు. రాయి మీద పచ్చటి మామిడి కొమ్మ, దానికి గుచ్చిన ఎర్ర మిరపకాయ. నిజంగానే మండింది.

నవంబరు 18న విశేషాల గడిలో ఇలా రాశాను: "రాయి దగ్గర జనం రోడ్డు అవతలి అంచుకు జరిగి నడుస్తున్నారు. కారణం తెలియదు." సంతకు బుట్టలు మోసుకుపోయే ఆడవాళ్ళు అక్కడికి రాగానే మాటలు ఆపేసేవాళ్ళు. ఒక ముసలాయన రాయికి దూరంగా నిలబడి చేతులు జోడించడం చూశాను. మైలురాయికి మొక్కుతున్నాడనుకుని నవ్వుకున్నాను. తారీఖు రాసుకున్నాను గాని ఎవరినీ అడగలేదు. హల్బీ నాకు సరిగా రాదు. అన్నీ వచ్చిన దఫ్తరీ గారు ఆ వేళకు గంట మోగించుకుంటూ ముందైనా వెళ్ళిపోయి ఉండేవాడు, వెనకైనా ఉండిపోయేవాడు.

1947 ఫిబ్రవరి 1, శనివారం. రాయి దగ్గరికి తొమ్మిది పదిహేనుకు చేరాను. నిన్నటి కొమ్మ లేదు. నా సుద్దగీతలన్నీ ఎవరో కడిగేశారు. పందెం మొదలయ్యాక మొదటిసారి నేను రాయి దగ్గర ఆగి నిలబడ్డాను. ఏడు నిమిషాలు ఎదురుచూశాను. గంట వినపడలేదు. మర్నాడు ఆదివారం ఆయన చాయ్‌కి రాలేదు. నాన్న డిపోలో పాత గార్డు దగ్గర కూర్చుని వచ్చి తలుపు వేశాడు.

"ఆయన్ని శుక్రవారం సాయంత్రమే కచేరీలో ఆపేశారట. మామిడి కొమ్మ, మిరపకాయ సంగతే. అదేమిటో నీకు తెలుసా?"

"మా పందెం గుర్తులు."

"ముప్పై ఏడేళ్ళ కింద ఇక్కడ భూమ్కాల్ తిరుగుబాటు లేచినప్పుడు ఊరూరా పంపిన పిలుపు అదేనట. మామిడి కొమ్మకు మిరపకాయ కట్టి పంపేవారట. అది వచ్చిందంటే విల్లంబులు తీసి బయల్దేరమని. నువ్వూ ఆయనా కలిసి మూడు నెలలనుంచి నడిరోడ్డు మీద రోజుకో పచ్చి కొమ్మ పెడుతున్నారు. గూడేల్లో ముసలివాళ్ళకు నిద్రల్లేవట. గూడెం కావలి చూసే కొత్వాలు వెళ్ళి కచేరీలో చెప్పాడు."

నేను విజయనగరం నుంచి వచ్చినదాన్ని. ఆయన భోపాల్‌పట్నం నుంచి వచ్చినవాడు. ఆ రోడ్డు మీద నడిచే ప్రతివాళ్ళకూ తెలిసినది మా ఇద్దరికే తెలియదు. మిరపకాయ పెట్టించినది నేను.

"ఆయన నా పేరు చెప్పారా?"

"చెప్పి ఉంటే ఈపాటికి మనింటికి వచ్చేవారు. నువ్వు నోరు మెదపకు. నీ ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది. మగాడితో పందేలు వేసిందంటారు, ఆ పైన ఏమేమో అంటారు."

"ఆయన నౌకరీ?"

నాన్న లేచి తలుపు గడియ పడిందో లేదో చూశాడు. నేను ఆ పగలంతా పుస్తకంలో కూడికలు సరిచూసుకున్నాను. పందెం జరిగిన రోజులు నూట ఇరవై తొమ్మిది. ఆయనవి డెబ్భై, నావి యాభై తొమ్మిది. తప్పు ఎక్కడా లేదు.

సోమవారం బడికి వెళ్ళకుండా నేరుగా కచేరీకి వెళ్ళాను. విచారణ చేస్తున్న అధికారి బయటినుంచి కొత్తగా వచ్చినవాడు. తెలుగు రాదు. అక్కడ మాటలన్నీ హిందీలోనే. ముఖం చూస్తే చెడ్డవాడిలా లేడు, అలసిపోయినవాడిలా ఉన్నాడు. ఆయన బల్ల మీద ఎండిన మామిడి కొమ్మ ఒకటి, చీటీ అంటించి లక్క వేసిన చిన్న పొట్లం ఒకటి ఉన్నాయి. పొట్లంలో మిరపకాయ. గోడ దగ్గర దఫ్తరీ గారు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు.

నేను వచ్చిన పని చెప్పాను. అధికారి కలం కింద పెట్టాడు.

"మూడు రోజులుగా ఇతను ఒకటే మాట చెబుతున్నాడమ్మా. ఎండతో పందెం వేసుకున్నాడట. ఎండ కంటే ముందు రాయి దగ్గరికి పోతే కొమ్మ పెట్టుకుంటాడట. మరి ఆ సుద్దగీతలు ఎవరివిరా అంటే, ఎండవే హుజూర్ అంటాడు."

"ఆ ఎండను నేనేనండీ," అన్నాను.

పక్కన రాసుకుంటున్న గుమాస్తా కిసుక్కుమన్నాడు. అధికారి నవ్వలేదు గాని కుర్చీ చూపించాడు. పుస్తకం నా చేతిలో చూసి, దాంట్లో ఉన్నదంతా హిందీలో చెబుతూ చదవమన్నాడు. "మొదటినుంచీ," అన్నాడు.

నేను మొదటినుంచీ చదివాను. మొదటి పుట తెరిచి, "ఈ పుస్తకం దఫ్తరీ గారు కచేరీలో మిగిలిన కాగితంతో కుట్టి 1946 జులై 20, శనివారం నాకు ఇచ్చారు. పుటలు తొంభై ఆరు," అని చదివాను. గుమాస్తా రాసుకున్నాడు. తరవాత నూట ఇరవై తొమ్మిది రోజులూ వరసగా చదివాను. గంటా పది నిమిషాలు పట్టింది. సగానికి వచ్చేసరికి అధికారి ముందుకు వంగి, ఇవాళ ఎవరు, ఇవాళ ఎవరు అని అడగడం మొదలుపెట్టాడు. అక్టోబరు 20 నాటి గొడవ చదివినప్పుడు పొట్లం లక్క ఊడదీసి, మిరపకాయను కిటికీలోంచి అవతలికి విసిరేశాడు.

పుస్తకం మూయబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్క అనుమానం. వాన రోజులు ముప్పై నాలుగు వచ్చాయి. ముప్పై నాలుగూ మీవే. ఆ రోజుల్లో ఇద్దరిదీ ఒకటే రోడ్డు. మొదటి రోజు ఎత్తులో మిమ్మల్ని దాటినవాడు, తరవాత ఒక్కసారి కూడా దాటలేకపోయాడా?"

నేను ఎప్పుడూ విడిగా చూస్తానన్న గడి అది. విడిగా చూసినది అధికారి.

"ఏమయ్యా?" అన్నాడు దఫ్తరీ గారి వైపు తిరిగి.

"వానల నా బండికి బ్రేకులు పట్టయి హుజూర్," అన్నాడు దఫ్తరీ గారు, నేల చూస్తూ.

చెప్పుల అడుగు కోసి వేసిన బ్రేకులు. కొత్తవాటి కన్నా గట్టిగా పడతాయని పిలిచి చూపించిన బ్రేకులు. ఆగస్టు 9న రెండు నిమిషాల లోపల వచ్చి దిగిన మనిషి అంతవరకూ ఎంత దూరంలో ఉండి ఉంటాడో కూర్చున్నచోటే లెక్క వేశాను. పావు మైలు కూడా లేదు.

అధికారి ఆయన్ని చాలాసేపు చూశాడు. పిలుపూ లేదు, తిరుగుబాటూ లేదు, ఇద్దరూ వెళ్ళొచ్చు అనబోతున్నాడని అనిపించింది. అప్పుడు గుమాస్తా తను రాసుకున్న కాగితం జరిపి వేలితో ఒక చోట చూపించాడు. అధికారి చదివి, కళ్ళు మూసుకుని తెరిచాడు.

"మొదటి పుట ఇంకొకసారి చదవండమ్మా."

చదివాను.

"కచేరీ కాగితం సంగతి నేను అడగలేదు," అన్నాడు చాలా మెల్లగా. "మీరే చెప్పారు. అది రాతలోకి ఎక్కింది. ఇక నేను చూడలేదని ఎలా అనగలను?"

ఆయనకు తెలుగు రాదు. ఆ వాక్యం వదిలేసి రెండో పుటనుంచి చదివి ఉంటే ఈ లోకంలో ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన నాకు రానైనా రాలేదు. చదవమన్నది చదివాను.

తిరుగుబాటు మాట పోయింది. సర్కారు కాగితం సొంతానికి వాడుకున్న మాట మిగిలింది. పది రోజుల్లో ఆయన్ని నౌకరీ నుంచి తీసేశారు. పుస్తకాన్ని కేసు కాగితాల మిసిల్‌లో పెట్టి కుట్టేశారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. బడిలో పెద్ద పంతులమ్మ మాత్రం, "పందేలు మానేసి రామ్మా," అంది.

ఫిబ్రవరి 17, సోమవారం నాడు ఆయన భోపాల్‌పట్నానికి సైకిలు మీదే బయల్దేరాడు. నూట ముప్పై మైళ్ళ పైమాటే. నేను డిపో గేటు దగ్గర నిలబడ్డాను. వెనక ఒక పెట్టె, ముందు రూళ్ళకర్ర కట్టుకున్నాడు. రూళ్ళకర్ర సొంతదేనని నాన్నకు రెండుసార్లు చెప్పాడు.

"ఒక్క లైను మింగితే ఏమైతుండె పంతులమ్మా?" అన్నాడు. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

"మీరు కళ్ళతోనైనా చెప్పొచ్చు కదండీ."

"చెప్పిన. నువ్వు పుస్తకంలకు చూస్తున్నవు."

ఆయన పెడలు మీద కాలు పెడుతుంటే అడిగాను. "వాన రోజుల్లో మీరు కావాలనే…"

"ఏం వాన?" అని సైకిలెక్కాడు. "నాలుగు దినాలల్ల చేరుత. నువ్వు ఆ ఎనక చక్రం చూసుకో."

మలుపు తిరిగాక కూడా గంట వినిపించింది. చెట్టు చెట్టుకూ కొడుతున్నాడు. గడియారం చూశాను. మూడు నిమిషాల నలభై సెకన్ల తరవాత ఇక వినపడలేదు.

తొమ్మిదో రోజున ఆ వైపునుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు బడి దగ్గర ఆగి నాకు ఒక కాగితపు పొట్లం ఇచ్చాడు. విప్పితే వాడిపోయిన మామిడి కొమ్మ, దానికి ముల్లుతో గుచ్చిన మిరపకాయ. ముందు చేరాడన్నమాట. రాసుకుందామంటే పుస్తకం లేదు.

ఆయన్ని తిరిగి తీసుకోమని ఆ ఏడు మూడు అర్జీలు పెట్టాను. ఏప్రిల్‌లో ఒకటి, ఆగస్టులో ఒకటి, నవంబరులో ఒకటి. మూడోదానికి జవాబు వచ్చే లోపల, 1948 జనవరి 1న, బస్తరు సంస్థానమే లేకుండా పోయింది. నౌకరీ తీసేసిన కచేరీ పోయింది, తిరిగి ఇవ్వాల్సిన కచేరీ పోయింది. మిసిళ్ళు బళ్ళ మీద ఎక్కడికో తరలించారు. ఆయన పోయిన సంగతి నాకు 1961లో తెలిసింది. భోపాల్‌పట్నం నుంచి బదిలీ అయి వచ్చిన ఒక టీచరు మాటల్లో చెప్పింది. పోయి అప్పటికే రెండేళ్ళు దాటిందట. ఆఖరిదాకా పెళ్ళిళ్ళకు, సంతలకు సైకిలు మీదే వెళ్ళేవాడట, చెట్లకు గంట కొట్టుకుంటూ.

పోయినవి ఇవి. ఒక మనిషికి ఇరవై రెండేళ్ళ నౌకరీ. తొంభై ఆరు పుటల పుస్తకం ఒకటి. అందులో రాసినవి ముప్పై ఎనిమిది, గీతలు గీసి ఖాళీగా ఉన్నవి యాభై ఎనిమిది. నా గెలుపులు యాభై తొమ్మిదిలో వానవి ముప్పై నాలుగు. మిగిలినవి ఇరవై అయిదు. అవి ఆయన పిల్లబాటలో ఒంటరిగా వచ్చిన రోజులవి. అక్కడ ఎంత మెల్లగా తొక్కాడో చూసినవాళ్ళు లేరు. సాక్ష్యం లేదు గనక వాటిని కూడా కొట్టేస్తున్నాను.